తెలిసీ తెలియక

ఆ వీధిలో ఆయన్ని అందరూ తెల్లచొక్కా అనేవారు. ఎదురుగా కాదు లెండి. ఎదురుపడితే "పెద్దాయనా" అని చేతులు జోడించేవారు, ఎందుకంటే చర్చి సంఘంలో ఆయన పెద్ద. ఆదివారం ఆరాధనలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన చేయించేది ఆయనే. మిగతా రోజుల్లో ఆసుపత్రి లాండ్రీలో మేస్త్రీ. బట్టల మర్మం తెలిసిన మనిషి కాబట్టి ఆయన చొక్కా పక్కన ఎవరి చొక్కా అయినా వెలవెలబోయేది. ఆ చొక్కా మీద ఈగ వాలితే జారి పడుతుందని కుర్రకారు చాటుగా నవ్వుకునేవారు.

లాండ్రీ అంటే ఆసుపత్రి వెనక ఒక పొడుగాటి గది. కిటికీలు ఎక్కడో పైకప్పుకి ఆనుకుని ఉంటాయి. తలుపులు రెండు. మాసినవి ఒక తలుపులోంచి లోపలికి రావాలి, ఉతికినవి రెండో తలుపులోంచి బయటికి పోవాలి. పొరపాటున ఇటు బండి అటు తిరిగిందంటే ఆయన అగ్గి మీద గుగ్గిలం అయ్యేవాడు. రక్తం అంటిన దుప్పట్లని ముందు చన్నీళ్లలో జాడించాలి. తొందరపడి వేడినీళ్లలో వేస్తే రక్తం ఉడికి గుడ్డకి పట్టేస్తుంది, ఇక దాన్ని వదిలించడం ఎవడి తరమూ కాదు. కొత్తగా చేరినవాళ్లకి ఆయన మొదటి రోజే చెప్పేవాడు: "ఇవాళ్టి మరక ఇవాళే పోవాలి. రేపటికి ఉంచావా, అది మరక కాదు, రంగు." ఎంత చక్కగా చెప్పాడో చూడండి. ఇంత తెలిసిన మనిషికి తన సంగతి దగ్గరికొచ్చేసరికి బుర్ర పనిచేయలేదు, అదే నా బాధ.

ఆయన ప్రార్థనలో ఒక మాట ఉండేది. మీరూ వినే ఉంటారు, చాలామంది నోట నలిగిన మాటే. "ప్రభువా, మేము తెలిసీ తెలియక చేసిన పాపాలన్నిటినీ క్షమించు." ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ మహా తెలివైనవాడు. అన్నీ ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఏదీ ఒప్పుకోనట్టూ ఉంటుంది. మాసిన బట్టలన్నీ మూటగట్టి, ముడి విప్పకుండా నీళ్లలో ముంచి తీసినట్టు. తెల్లచొక్కా గొంతు గంభీరమైనది. ఆయన ఆ మాట అంటూ కళ్లు మూసుకుంటే వెనక వరసలో ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకునేవారు.

నెలకోసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉండేది. దానికి ముందు రోజు క్షమాపణ అడిగి ఒకరితో ఒకరు సమాధానపడాలని ఆ సంఘంలో కట్టుబాటు. తెల్లచొక్కా తప్పకుండా ఇల్లిల్లూ తిరిగేవాడు. "నా వల్ల ఏమైనా నొప్పి కలిగి ఉంటే మనసులో పెట్టుకోకండి" అనేవాడు. "అయ్యో, మీరేంటి పెద్దాయనా, మీరు మమ్మల్ని అడగడమేంటి" అని వాళ్లు నొచ్చుకునేవారు. ఒకసారి మాత్రం పక్కింటావిడ, "కలిగిందండీ. నా పూలకుండీ మీరే పగలగొట్టి పిల్లి మీదకి నెట్టారు" అనేసింది. ఆయన ముఖం కందగడ్డలా అయింది. "అది వేరే సంగతమ్మా" అని గబగబా పక్క గుమ్మంలోకి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, ఆయన భార్య, ఆవిడ తమ్ముడు. పిల్లల్లేరు. బావమరిదికి కుడిచేయి లేదు, మోచేతి పైవరకూ పోయింది. ఆ చేయి సంగతి మీకు ముందు చెప్పాలి.

ఉతికిన బట్టల్లోంచి నీళ్లు పిండటానికి లాండ్రీలో పెద్ద డ్రమ్ము మిషను ఉంటుంది. మూత వేస్తేనే తిరుగుతుంది, తిరుగుతున్నంతసేపూ మూత తెరుచుకోదు. ఆపాక కూడా డ్రమ్ము నిదానించి నిలబడేదాకా ఆగాల్సిందే. ఆరోజుల్లో ఆసుపత్రి కిటకిటలాడుతోంది. పై నుంచి దుప్పట్లేవి, దుప్పట్లేవి అని ఒకటే అరుపులు. ఆ కాసేపు ఆగడం కూడా భారమనిపించి, ఒక పొద్దున ఇంకా ఎవరూ రాకముందు, తెల్లచొక్కా మూత దగ్గరి స్విచ్చికి రాగితీగ చుట్టేశాడు. ఇక మూత ఎప్పుడంటే అప్పుడు తెరుచుకుంటుంది. ఆ మిషను మీద పనిచేసేది బావమరిది. అతనికి ఒక్క మాట చెప్పాలి కదా? చెబుదామనే అనుకున్నాడు. ఈలోగా పై అంతస్తు నుంచి పిలుపొచ్చింది, వెళ్లాడు.

కిందికి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. డ్రమ్ము ఇంకా తిరుగుతుండగా మూత లేచింది, ఆగిందనుకుని బావమరిది చెయ్యి పెట్టాడు, తడి దుప్పటి మణికట్టుకి చుట్టుకుంది. అంతకంటే నేను చెప్పను, మీరూ అడక్కండి.

ఆసుపత్రి అధికారి వచ్చి తీగ ఎవరు కట్టారని అడిగాడు. తెల్లచొక్కా నీళ్లు నమిలాడు. చివరికి, "ఆ మిషను చూసుకునేది వాడేనండీ" అన్నాడు. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మిగతాది అధికారి తనే కలుపుకున్నాడు. తప్పు పనివాడిదే అని తేల్చి, అతన్ని పనిలోంచి తీసేశారు.

బావమరిది చాలా రోజులు జ్వరంలో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. తేరుకున్నాక చూస్తే ఆ పొద్దుటి సంగతులేవీ అతనికి జ్ఞాపకం లేవు. మంచం పక్కన కూర్చున్న బావని అడిగాడు.

"బావా, ఆ తీగ నేనే కట్టానా? కట్టేస్తే ఓ పనైపోతుందని అంతకుముందు ఒకట్రెండు సార్లు అన్న గుర్తుంది."

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు పడిపోలేదు కదా. తెల్లచొక్కా అతని తల నిమిరి, "పోనీలేరా. అయిపోయిందేదో అయిపోయింది. నేనేం మనసులో పెట్టుకోలేదు" అన్నాడు.

చూశారా? క్షమించేశాడు. తను చేసిన తప్పుకి వాణ్ణి క్షమించేశాడు. అధికారి ముందు భయపడి నోరు జారితే అది భయం అనుకోవచ్చు, కానీ దీన్నేమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకదు. అక్కడితో ఆగకుండా అతన్ని తన ఇంటికే తెచ్చి పెట్టుకున్నాడు. "ఎంత మంచి మనసండీ, బావమరిదిని కన్నకొడుకులా చూసుకుంటున్నాడు" అని వీధంతా మెచ్చుకుంది. భార్య అయితే భర్త పేరు చెబితే చాలు కళ్లనీళ్లు పెట్టుకునేది. ఆవిడ ఆయన్ని ఎప్పుడూ "మీరు" అనే పిలిచేది. ఆ తర్వాత ఆ "మీరు"లో ఇంకాస్త గౌరవం చేరింది.

అలా ఏళ్లు గడిచాయి.

ఆ ఇంట్లో రోజూ సాయంత్రం దీపాలు వేశాక, భోజనాలకి ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. ముగ్గురూ చాప మీద కూర్చునేవారు. ముందు ఇంటి పెద్ద, ఆ తర్వాత భార్య, చివర్లో బావమరిది. తెల్లచొక్కా తన మాట తాను అనేసి ముగించేవాడు. బావమరిది తీరు వేరు. దేవుడి దగ్గర పేరూ ఊరూ లేకుండా ఏదీ చెప్పేవాడు కాదు. "తండ్రీ, ఇవాళ మధ్యాహ్నం అక్క మీద విసుక్కున్నాను. బొత్తాం పెట్టడం ఆలస్యమైందని. పక్కింటాయన కొడుక్కి కొత్త సైకిలు కొన్నాడు, రెండు చేతులతో పట్టుకుని తొక్కుతుంటే నా కళ్లు మండాయి. క్షమించు." ఇలా ఏరోజు మరక ఆరోజు తీసి చూపించేవాడు. అన్నీ అయ్యాక చివరగా ఒకటి మిగిలేది. "నా తలపొగరుతో తీగ కట్టి నా చెయ్యి నేనే పోగొట్టుకున్నాను. అక్కాబావలకి బరువయ్యాను. క్షమించు తండ్రీ."

ఆ మాట వచ్చేసరికి తెల్లచొక్కాకి ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఆమెన్ మాత్రం అందరికంటే ముందు అనేవాడు.

ఒకరోజు అక్క ఉండబట్టలేక అడిగింది. "ఏరా, దేవుడు ఒకసారి క్షమించాక క్షమించినట్టే కదా. ఎన్నిసార్లు ఒప్పుకుంటావు అదొక్కటే?"

"క్షమించాడనే నమ్ముతున్నానక్కా. కానీ పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కునేటప్పుడు నా మీద నాకు ఒళ్లు మండుతుంది. బతకడం ఎందుకనిపిస్తుంది. అది పాతది కాదుగా, ఆ రోజుదే. ఆ రోజు అడగొద్దూ?"

తెల్లచొక్కా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. అప్పటికి ఇంకా ఎవరూ భోజనం మొదలుపెట్టనే లేదు.

ఇంకో సంగతి. చేయి పోయిన నాటి నుంచీ బావమరిది ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లలేదు. "దేవుడిచ్చిన చెయ్యిని చేజేతులా పాడుచేసుకున్నవాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని వెళ్లను" అనేవాడు. పాస్టరు గారు ఎన్నిసార్లు నచ్చజెప్పినా చెవిన వేసుకోలేదు. రొట్టె పంచే సమయానికి మెల్లగా లేచి బయట మెట్ల మీద కూర్చునేవాడు. ఆ రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఎవరనుకున్నారు? తెల్లచొక్కానే.

అలాంటిది ఒక నెల, పాస్టరు గారి మాట ఎలా తగిలిందో ఏమో, బావమరిది వచ్చే ఆదివారం బల్లలో చేరతానన్నాడు. దానికి ముందు సంఘంలో నిలబడి తన చేయి కథ సాక్ష్యంగా చెబుతానన్నాడు. మిషన్ల మీద పనిచేసే పిల్లలు నలుగురైనా విని జాగ్రత్తపడతారని అతని ఆశ. అక్క సంతోషానికి పట్టపగ్గాల్లేవు. తెల్లచొక్కా కూడా "మంచిదిరా" అన్నాడు. అన్నాడే గానీ గుండెల్లో రాయి పడింది. తన పాపాన్ని తలకెత్తుకుని, తను చేయాల్సిన ఒప్పుదల వాడు చేసి, బల్ల దగ్గరికి వస్తాడు. రొట్టె తన చేత్తోనే ఇవ్వాలి.

శనివారం సాయంత్రం తెల్లచొక్కా మామూలుగా ఇల్లిల్లూ తిరిగి వచ్చాడు. చెప్పులు విప్పుతుంటే బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, నీతో సమాధానపడాలి."

"నాతో ఏముందిరా."

"ఉంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. అప్పుడప్పుడూ ఒక పాడు ఆలోచన వస్తుంది. ఆ తీగ నేను కట్టలేదేమో, నువ్వే కట్టావేమో అని." గుమ్మం దిగి దగ్గరికొచ్చాడు. "తిండి పెట్టి పోషిస్తున్న మనిషి మీద ఇంత నీచమైన అనుమానం. దేవుడి దగ్గర కూడా బయటికి అనలేకపోయాను, నువ్వు పక్కనే ఉంటావు కదా. నన్ను క్షమించు బావా. నువ్వు క్షమిస్తే గానీ రేపు నేను బల్ల ముట్టలేను."

తెల్లచొక్కా నోరు తెరిచాడు. లోపల ఉన్న మాట గొంతుదాకా వచ్చింది. కానీ నోటికి అలవాటైన మాట దాని కంటే ముందు బయటపడింది.

"క్షమించాన్లేరా" అన్నాడు.

బావమరిది ఒంటిచేత్తో బావ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ తడి తెల్లచొక్కా వేళ్ల మీద అలాగే ఉండిపోయింది. తుడుచుకోవడానికి మనసొప్పలేదు. ఆ సాయంత్రం ప్రార్థనలో మొదటిసారి బావమరిది తేలిగ్గా నవ్వుతూ కూర్చున్నాడు. తెల్లచొక్కాకి తన మీద తనకి అసహ్యం వేసింది. మనిషిని ఒకసారి మిషనులో వేశాను, ఇవాళ రెండోసారి వేశాను అనుకున్నాడు. పాతది ఒక్కటే అయితే ఎప్పుడో జరిగిందని తోసేయొచ్చు. ఇది కళ్లు తెరుచుకుని, ఇంటి గుమ్మంలో, ఇప్పుడే చేసింది.

ఆదివారం పొద్దున బావమరిది చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. మెడ దగ్గరి బొత్తాము అతనికి ఒంటిచేత్తో పడదు. ప్రతి ఆదివారం అది పెట్టేది బావే. తెల్లచొక్కా రెండు చేతులూ అతని గొంతు దగ్గరికి తీసుకెళ్లాడు. బొత్తాము పట్టుకుని, పెట్టకుండా ఆగాడు.

"ఆ తీగ నేను కట్టాను" అన్నాడు.

"ఏ తీగ?"

"మిషను తీగ. ఆ రోజు పొద్దున ఎవరూ రాకముందు నేనే కట్టాను. నీకు చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు. నిన్న నువ్వడిగినప్పుడు కూడా చెప్పలేదు."

ఇద్దరి ముఖాల మధ్య జానెడు దూరం కూడా లేదు. అతని గొంతు కింద నరం కొట్టుకోవడం తెల్లచొక్కాకి కనిపిస్తూనే ఉంది. "బొత్తాం పెట్టు" అన్నాడు బావమరిది. తెల్లచొక్కా ఎలాగో పెట్టాడు. అతను వెనక్కి తిరిగి వీధిలోకి నడిచి వెళ్లిపోయాడు.

లోపలి గది గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో.

"నువ్వా?" అంది.

పెళ్లయిన నాటి నుంచి ఆవిడ నోట ఆయన విన్న మొదటి "నువ్వు" అది. అంతకంటే పెద్ద తిట్టు ఆవిడకి రాదు. కొంగు సర్దుకుని తమ్ముడి వెనకాలే వెళ్లిపోయింది. ఆ ఇద్దరి వెనక, చాలా దూరంలో, తెల్లచొక్కా కాళ్లీడ్చుకుంటూ నడిచాడు.

ఆరాధనలో పాటలయ్యాక పాస్టరు గారు సాక్ష్యం కోసం పిలిచారు. బావమరిది ముందుకొచ్చి నిలబడ్డాడు. అందరూ ఆత్రంగా చూస్తున్నారు.

"నేను చెబుదామనుకున్న సాక్ష్యం ఇవాళ పొద్దున అబద్ధమైపోయింది" అన్నాడు. "ఇంకోటి నా దగ్గర లేదు. ఏమీ అనుకోకండి."

వెళ్లి తన చోట కూర్చున్నాడు. గుసగుసలు బయలుదేరాయి. పాస్టరు గారికి ఏమీ పాలుపోక, ఒప్పుదల ప్రార్థన చేయించమని తెల్లచొక్కాకి సైగ చేశారు. ఆయన లేచాడు, కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, మేము తెలిసీ" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. జనం తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు. ఆయన కళ్లు తెరిచాడు.

"మేము కాదు, నేను. తెలిసే చేశాను. తెలియక చేసింది ఏమీ లేదు" అన్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు. తీగ, అధికారికి చెప్పిన మాట, మంచం దగ్గర తల నిమిరిన సంగతి, నిన్న సాయంత్రం అన్న "క్షమించాన్లేరా". ఏదీ దాచలేదు. ఎక్కడో ఎవరో వెక్కి ఏడ్చారు. ఒక ముసలాయన, "ఇన్నేళ్లకి ఇప్పుడు చెప్పి ఏం లాభం" అని పెదవి విరిచాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, పోయిన చెయ్యి మళ్లీ మొలవదు కదా.

బల్ల జరిగింది. తెల్లచొక్కా పళ్లెం పట్టుకోలేదు, రొట్టె ముట్టలేదు. బావమరిదీ ముట్టలేదు. ఆఖరుకి పాస్టరు గారు తెల్లచొక్కాని పక్కకి పిలిచి, "రేపు ఆసుపత్రికి వెళ్లి అక్కడా చెప్పాలి" అన్నారు.

"చెప్తానండీ. ఉద్యోగం పోతుంది."

"పోతుంది" అన్నారు పాస్టరు గారు. "పెద్దరికం కూడా ఇవాళ్టితో వదులుకోండి."

సరేనని తలూపాడు. ఓదార్చే మాట ఒకటైనా అంటారేమోనని కాసేపు నిలబడ్డాడు. ఆయన అనలేదు.

ఇల్లు చేరాక బావమరిది గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య ఆయన ముందు కంచం పెట్టి, ఆయన తినేది లేనిది చూడకుండా వెళ్లిపోయింది. సాయంత్రమైంది. ఇవాళ ప్రార్థన ఉండదనే అనుకున్నాడు తెల్లచొక్కా. కానీ ఆవిడ దీపం వేసి చాప పరిచింది. బావమరిది లేచి వచ్చి, బావకి ఎడంగా ఒక కొసన కూర్చున్నాడు.

ముందు తెల్లచొక్కా వంతు. పొద్దున అంత చెప్పాక ఇక చెప్పడానికి ఏమీ లేదనుకున్నాడు. తీరా మొదలుపెట్టాక ఇవాళ్టిదే ఒకటి బయటపడింది, ఆయనకే సిగ్గేసింది. "తండ్రీ, సంఘంలో అంతా చెబుతుంటే ఎవరో ఏడ్చారు. అప్పుడు నాకు లోపల హాయిగా అనిపించింది. ఎంత బాగా ఒప్పుకుంటున్నానో అనుకున్నాను. అక్కడ కూడా నన్ను మెచ్చుకోవాలనే చూశాను. క్షమించు." గంభీరమైన ఆ గొంతు పీలగా ఉంది.

భార్య వంతు వచ్చింది. ఆవిడ, "ఇవాళ నాకు మాటల్లేవు" అని ఊరుకుంది.

ఇక బావమరిది.

"తండ్రీ, ఇవాళ పొద్దున బొత్తాం పెడుతున్నప్పుడు బావ గొంతు నాకు అందేంత దగ్గరలో ఉంది. నులిమేయాలనిపించింది. పగలంతా పడుకుని అదే ఆలోచించాను. నన్ను క్షమించు. రేపు లేవగానే మళ్లీ అనిపిస్తుంది, నాకు తెలుసు. రేపు మళ్లీ వచ్చి అడుగుతాను." మళ్లీ అందుకున్నాడు. "బావని క్షమించమని మాత్రం ఇవాళ నన్ను అడగొద్దు. నావల్ల కాదు. రేపడుగు."

ఆమెన్ అక్క ఒక్కతే అంది.